చిన్న ట్రైలర్‌ని ఎడారిలో వదిలేసి రోజంతా తిరిగి రావచ్చా? (దక్షిణ యూటా, ఎస్కలాంటే వైపు)

పాలమూరు_పథికుడు | ఫీనిక్స్

అందరికీ నమస్కారం. ఈ మధ్యే సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న టియర్‌డ్రాప్ ట్రైలర్ (కారు వెనక లాక్కెళ్లే, నీటిబొట్టు ఆకారపు పడకగది లాంటిది) కొన్నాం. బరువు 1,500 పౌండ్ల దాకా ఉంటుంది. లోపల ఇద్దరు పడుకోవచ్చు, వెనక తలుపు పైకెత్తితే వంటకి చోటు. మా ఫోర్‌రన్నర్ కారు హాయిగా లాగేస్తోంది.

అక్టోబర్‌లో పాపకి ఫాల్ బ్రేక్. ఎస్కలాంటే వెళ్దామనుకుంటున్నాం. హోల్ ఇన్ ద రాక్ రోడ్డు మీద బీఎల్‌ఎం (ప్రభుత్వ భూములు చూసే ఫెడరల్ సంస్థ) వాళ్ల స్థలంలో ఎక్కడైనా ట్రైలర్ ఆపి, కారుకి తగిలించే హిచ్ విప్పేసి, కారులో పీకబూ, స్పూకీ స్లాట్ కెన్యన్లకి (కొండరాళ్ల మధ్య ఇరుకు సందులు) వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలని ఆలోచన. వీలైతే ఒక రాత్రి కయోటీ గల్చ్ లోయలో టెంట్ వేసుకోవాలని కూడా ఉంది. ఆ రాత్రి ట్రైలర్ దగ్గర ఎవరూ ఉండరు. అక్కడ సిగ్నల్ కూడా ఉండదంటున్నారు.

కప్లర్ (కారు హిచ్ బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు కొస) లాక్ ఒకటి కొన్నాను. అది చాలా? మీరందరూ ఏం చేస్తున్నారు? కొత్తగా కొన్నది కావడంతో వదిలి వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది.

ఎర్రమట్టి | సెయింట్ జార్జ్

ఆ వైపు మేం తరచూ వెళ్తుంటాం కాబట్టి చెబుతున్నాను. దొంగ సంగతి తర్వాత, ముందు రోడ్డు సంగతి చూడండి.

హోల్ ఇన్ ద రాక్ రోడ్డు దాదాపు 60 మైళ్లు. ఎస్కలాంటే దాటాక 12వ నంబర్ హైవే నుంచి కుడికి తిరగాలి. వింత రాళ్లుండే డెవిల్స్ గార్డెన్ 12 మైళ్ల దగ్గర, పీకబూ, స్పూకీలకి వెళ్లే డ్రై ఫోర్క్ మలుపు 26 మైళ్ల దగ్గర. మొదట్లో రోడ్డు బాగానే ఉందనిపిస్తుంది. లోపలికి వెళ్లేకొద్దీ వాష్‌బోర్డ్ మొదలవుతుంది. అడ్డంగా వరుసగా గాడులు, ఒళ్లంతా కుదిపేస్తుంది. రోడ్డు చదును చేసే గ్రేడర్ తిప్పిన వారం ఒకలా, నెల తర్వాత మరోలా ఉంటుంది. కారు తట్టుకుంటుంది. చిన్న ట్రైలర్‌కి మాత్రం లీఫ్ స్ప్రింగులు, బేరింగులు, అల్మారా స్క్రూలు అన్నీ వదులవుతాయి. అందుకని ట్రైలర్‌ని లోపలిదాకా లాక్కెళ్లకండి. మొదటి ఐదారు మైళ్లలోపే ఇదివరకు జనం దిగిన చోట్లు ఉంటాయి, నేల గట్టిపడి తెలిసిపోతుంది. అక్కడే ఆపండి. కొత్త నేల తొక్కకండి, ఆ నల్లటి పొక్కుల మట్టి ప్రాణం ఉన్న మట్టి, ఒకసారి నలిగితే కోలుకోవడానికి ఏళ్లు పడుతుంది.

రెండోది వాన. జులై నుంచి సెప్టెంబర్ మధ్య దాకా అసలైన మాన్సూన్. అక్టోబర్‌లో తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఆ మట్టి తడిస్తే టైర్లకి అంటుకుని బండి కదలదు. ఎక్కడో 20 మైళ్ల అవతల కురిసిన వాన కూడా మీ ముందున్న వాగులోకి వస్తుంది. మీరు వాగుకి ఒక పక్క, ట్రైలర్ ఇంకో పక్క ఉండిపోయే పరిస్థితి అక్కడ నిజంగా వస్తుంది. అందుకే మా ఇంట్లో ఒకటే పద్ధతి: ట్రైలర్ దగ్గర నుంచి బయల్దేరే ప్రతిసారీ ఆ రాత్రికి ట్రైలర్ లేదన్నట్టే కారు సర్దుకుంటాం. స్లీపింగ్ బ్యాగులు, నీళ్లు, ఒక పూట తిండి, మందులు, స్వెట్టర్లు అన్నీ కారులోనే. ఎస్కలాంటే 5,800 అడుగుల ఎత్తు, అక్టోబర్ రాత్రుల్లో నీళ్లు గడ్డకట్టే చలి ఉంటుంది.

నల్లమల | డెన్వర్

రూల్స్ సంగతి నేను చెబుతాను, చాలామంది ఇక్కడే తికమక పడతారు.

బీఎల్‌ఎం స్థలంలో చాలాచోట్ల 28 రోజుల్లో 14 రోజులే క్యాంప్ చేయనిస్తారు. అది మనం ఉండడానికి. మనం లేకుండా సామాను వదలడానికి వేరే లెక్క. ఫెడరల్ నిబంధనల్లో 43వ టైటిల్, 8365 భాగం చూడండి: మామూలు బీఎల్‌ఎం భూమిలో 10 రోజులకి మించి సొంత వస్తువులు మనిషి లేకుండా వదలకూడదు. వాళ్లు కట్టిన క్యాంప్‌గ్రౌండ్లలో అయితే 72 గంటలు, పగటిపూట మాత్రమే వాడే చోట్ల 24 గంటలు.

నేషనల్ పార్క్ సర్వీస్ భూమిలో మామూలుగా 24 గంటలే. హోల్ ఇన్ ద రాక్ రోడ్డు చివర గ్లెన్ కెన్యన్ రిక్రియేషన్ ఏరియాలోకి వెళ్తుంది, అది పార్క్ సర్వీస్ వాళ్లదే. సరిహద్దు గీత ఎక్కడుందో మ్యాప్‌లో చూసుకోండి. నేషనల్ ఫారెస్ట్ వాళ్ల క్యాంప్‌గ్రౌండ్లలో కూడా అనుమతి లేకుండా 24 గంటలకి మించి వదలకూడదు. పైగా సామాను దించిన మొదటి రాత్రి కనీసం ఒకరు అక్కడ పడుకోవాలి. చోటు ఆపుకోవడానికి గురువారమే ట్రైలర్ పెట్టేసి శుక్రవారం రాత్రి వచ్చేవాళ్ల కోసమే ఆ రూల్. కొలరాడోలో ఇది పెద్ద గొడవగా ఉంది. వారాల తరబడి ఖాళీ ట్రైలర్లు మంచి చోట్లన్నీ ఆక్రమిస్తుంటే పిల్లలతో వచ్చినవాళ్లు చీకట్లో చోటు వెతుక్కుంటున్నారు. మనవాళ్లు కూడా కొందరు చేస్తున్నారు. దయచేసి చేయకండి.

మీ ప్లాన్‌లో ఒక పగలు, ఒక రాత్రి అంటే బీఎల్‌ఎం భూమిలో రూల్ పరంగా ఇబ్బంది లేదు. మీరు వెళ్లే ఆ బీఎల్‌ఎం భూమి పేరు గ్రాండ్ స్టెయిర్‌కేస్ ఎస్కలాంటే, అందులో రాత్రి ఉండడానికి పర్మిట్ తీసుకోవాలి, ఉచితమే. ఊళ్లో విజిటర్ సెంటర్‌కి వెళ్లి తీసుకుంటే అదే చేత్తో రోడ్డు ఎలా ఉందో కూడా అడగొచ్చు.

తాళంచెవి | డల్లాస్

అన్నా, కప్లర్ లాక్ ఏ రకం? రెండు రకాలుంటాయి. లాచ్ చిల్లులోంచి పిన్ దూర్చేది ఒకటి. అది బండికి తగిలించి ఉన్నప్పుడు ఎవరూ విప్పకుండా చేస్తుంది. హిచ్ విప్పేశాక బాల్ కూర్చునే గిన్నెని పూర్తిగా మూసేది ఇంకోటి. మీకు కావలసింది రెండోది. మొదటిది పెట్టి వెళ్తే చిన్న సైజు బాల్ దూర్చి లాక్కుపోతారు.

రెండోది కూడా ఒక్కటే చాలదు. సేఫ్టీ చైన్లని తమ బండికి కట్టి మెల్లగా ఈడ్చుకుపోయేవాళ్లు ఉన్నారు. అందుకని చక్రానికి క్లాంప్ వేయండి, లేదా మందపాటి గొలుసు చక్రం సందుల్లోంచి, యాక్సిల్ చుట్టూ తిప్పి పక్ తాళం (కొక్కెం బయటికి కనబడని గుండ్రటి తాళం) వేయండి. కప్లర్, చక్రం రెండూ లాక్ చేస్తే దొంగకి పని రెట్టింపు, చప్పుడు కూడా ఎక్కువ. ఆఫ్ రోడ్ ట్రైలర్లకి వచ్చే ఆర్టిక్యులేటింగ్ హిచ్ (అన్ని వైపులా తిరిగే కీలు హిచ్) ఉంటే ఇంకా మంచిది. దానికి మామూలు బాల్ పట్టదు. బండివైపు ముక్క మీతోనే వెళ్లిపోతుంది.

ఒక చిన్న విషయం, ఎవరూ చెప్పరు. యూటా ఎర్ర దుమ్ము పిండిలా ఉంటుంది, తాళం కన్నంలోకి దూరిపోతుంది. సాయంత్రం వచ్చి చెవి తిప్పితే తిరగదు. నూనె వేస్తే దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. గ్రాఫైట్ పొడి వేయండి, కన్నం మీద టేప్ ముక్క అంటించండి. రెండో తాళంచెవి ట్రైలర్‌లో కాదు, కారులో పెట్టుకోండి.

ఎయిర్‌ట్యాగ్ (ఆపిల్ వాళ్ల చిన్న ట్రాకర్ బిళ్ల) పెట్టాను కదా అని ధైర్యంగా ఉండకండి. దగ్గర్లో ఎవరిదో ఆపిల్ ఫోన్ ఉంటేనే అది చోటు చెబుతుంది. పైగా దొంగ దగ్గర ఐఫోన్ ఉంటే, తెలియని ట్యాగ్ వెంట వస్తోందని అతనికే అలర్ట్ వెళ్తుంది. సిమ్‌తో పనిచేసే జీపీఎస్ ట్రాకర్ కూడా సిగ్నల్ లేని లోయలో మౌనంగా ఉంటుంది. హైవే ఎక్కాక మాత్రం పనికొస్తుంది. అందుకే పెట్టమనే అంటాను, కాకపోతే దాని వల్ల ఏం దొరుకుతుందో తెలిసి పెట్టండి.

గోదారి_గట్టు | సాల్ట్ లేక్ సిటీ

నేను ఒప్పుకోను. మట్టిరోడ్డులో పది మైళ్లు లోపల ఉన్న టియర్‌డ్రాప్ కోసం ఏ దొంగా రాడు. ట్రైలర్లు పోయేది ఊళ్లలో, స్టోరేజ్ యార్డుల్లో, హోటల్ పార్కింగుల్లో, ఇంటి ముందు నుంచి. మా అపార్ట్‌మెంట్ వీధిలోంచే ఒకటి రాత్రికి రాత్రి మాయమైంది. దారిలో హోటల్లో దిగిన రాత్రి ఎవరూ తాళం గురించి ఆలోచించరు. ఎడారిలో మాత్రం గొలుసుల మీద గొలుసులు వేస్తారు.

ఎడారిలో పోయేవి చిన్న వస్తువులు. బయట పరిచిన సోలార్ ప్యానెల్, జనరేటర్, కూలర్, సైకిళ్లు. అవన్నీ కారులోకో ట్రైలర్ లోపలికో వెళ్లిపోతే సగం బెంగ తీరుతుంది.

తాళంచెవి | డల్లాస్

గోదారి_గట్టు గారూ, హోటల్ పార్కింగ్ మాట నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఎడారి అంతా ఒకటి కాదు. హైవే నుంచి కనబడే చోటు, కాలిబాట మొదలయ్యే చోటు, జనం వచ్చిపోయే చోటు వేరు. అక్కడ మీ బండి వెళ్లడం చూసినవాడికి మీరు కనీసం మూడు గంటలు రారని తెలిసిపోతుంది. చూపు ఆనని చోట ఆపాలి. చెట్టు పక్కనో రాతిగుట్ట వెనకో, రోడ్డు మీద నుంచి కనబడకుండా.

ఎర్రమట్టి | సెయింట్ జార్జ్

చెట్టు చూసి ఆపేటప్పుడు ఒక్కటి గమనించండి. ఆ ప్రాంతంలో పెద్ద చెట్లున్నాయంటే కింద నీళ్లున్నట్టు. కాటన్‌వుడ్ చెట్ల నీడ చాలా వరకు వాగు ఒడ్డునే ఉంటుంది. ఇసుక నున్నగా, సమంగా, ఎంతో అందంగా కనిపిస్తుంది. ఆ నున్నదనం వరద చేసిందే. కొమ్మల్లో ఎండు గడ్డి, పుల్లలు చిక్కుకుని ఉంటే నీళ్లు అంత ఎత్తుకి వచ్చాయని అర్థం. నీడ లేకపోయినా మెట్ట మీదే ఆపండి.

పాలమూరు_పథికుడు | ఫీనిక్స్

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. నల్లమల గారూ, ఆ 10 రోజుల సంగతి నాకు అసలు తెలియదు.

ఒక విషయం అడగాలి. అమ్మానాన్న మహబూబ్‌నగర్ నుంచి వచ్చి మాతోనే ఉన్నారు, వాళ్లూ వస్తున్నారు. ట్రైలర్‌లో వాళ్లు పడుకుంటారు, మేం టెంట్‌లో. స్లాట్ కెన్యన్లలోకి వాళ్లు దిగలేరు. స్పూకీలో పక్కకి తిరిగి నడవాలట. "మీరు పోయి రండి బిడ్డా, మేం కుర్చీలేసుకుని ట్రైలర్ కాడ కూసుంటం" అంటున్నాడు నాన్న. ఆయనకి 71, షుగర్ ఉంది గానీ కంట్రోల్‌లోనే ఉంది. అలా అయితే ట్రైలర్‌కి కాపలా కూడా ఉన్నట్టు అవుతుంది కదా. ఏమంటారు?

తంగేడు | టూసాన్

తమ్ముడూ, వద్దు. నేను నర్సుని, ఇది మాత్రం గట్టిగానే చెబుతాను.

ట్రైలర్ పోతే ఇన్సూరెన్స్ ఇస్తుంది. సిగ్నల్ లేని చోట, కారు లేకుండా, షుగర్ ఉన్న పెద్దాయనని, అమ్మని ఏడెనిమిది గంటలు వదిలి వెళ్లడం కాపలా కాదు, ప్రమాదం. షుగర్ పడిపోతే ఎవరికి చెబుతారు? అమ్మ ఎటు నడుస్తుంది? అక్టోబర్‌లో కూడా మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. నీడ జరుగుతుంటే కుర్చీ జరుపుకోవాలి, గాలి లేస్తే ఆనింగ్ (ట్రైలర్ పక్కన చాపే గుడ్డ పందిరి) మూయాలి. టియర్‌డ్రాప్‌లో బాత్రూమ్ ఉండదు. మన పెద్దవాళ్లు మొహమాటానికి నీళ్లు తాగడం మానేస్తారు, బయటికి వెళ్లాల్సి వస్తుందని. వాళ్లు చెప్పరు. మనమే గమనించాలి. వాగు పొంగి మీరు ఆ రాత్రికి రాలేకపోతే వాళ్ల పరిస్థితి ఏంటో ఆలోచించు.

నాన్నగారు "మేం కూసుంటం" అన్నది మీ సరదా పాడవకూడదని. ఆ మాట పట్టుకోవద్దు.

ఎర్రమట్టి | సెయింట్ జార్జ్

తంగేడు అక్క చెప్పింది అక్షరాలా నిజం. దారి కూడా ఉంది. ఎస్కలాంటే ఊరి పక్కనే, వైడ్ హాలో రిజర్వాయర్ ఒడ్డున, ఎస్కలాంటే పెట్రిఫైడ్ ఫారెస్ట్ స్టేట్ పార్క్ ఉంది. క్యాంప్‌గ్రౌండ్‌లో టాయిలెట్లు, షవర్లు ఉన్నాయి, పక్కన నలుగురు ఉంటారు. ఊళ్లో కిరాణా, చిన్న క్లినిక్ ఉన్నాయి. పెద్ద ఆస్పత్రి కావాలంటే పాంగ్విచ్ వెళ్లాలి, 70 మైళ్ల దాకా ఉంటుంది. ట్రైలర్ అక్కడ పెట్టండి. మీరు కెన్యన్‌కి వెళ్లిన రోజు అమ్మానాన్న దగ్గర మీ ఇద్దరిలో ఒకరు ఉండండి, లేదా ఒక రోజు మీరు, ఒక రోజు మీ ఆవిడ వెళ్లండి.

ఇంకో రోజు అందరూ కలిసి డెవిల్స్ గార్డెన్ వెళ్లండి. కారు దిగిన చోటే వింత వింత రాళ్లు, మెటాటే ఆర్చ్, పిక్నిక్ బల్లలు. ఎక్కువ నడవక్కర్లేదు. నాన్నగారికి హోల్ ఇన్ ద రాక్ రోడ్డు కథ చెప్పండి. 1879లో మార్మన్ మతశాఖ కుటుంబాలు బండ్లతో ఆ దారి వేసుకుంటూ వెళ్లాయి. చివర కొండ చీలికని వెడల్పు చేసి, 1880 జనవరిలో ఆ నిటారు సందులోంచి బండ్లని తాళ్లతో పట్టి కొలరాడో నది దగ్గరికి దించారు. వ్యవసాయం చేసిన మనిషి అయితే ఎద్దులబండి అక్కడ ఎలా దిగుతుందో ఆయనకే బాగా అర్థమవుతుంది.

మామిడితోట | పెర్త్

ఆస్ట్రేలియా నుంచి ఒక మాట. ఇక్కడ ట్రైలర్ వదిలి లోపలికి వెళ్లడం చాలా మామూలు విషయం, కాకపోతే ఖాళీ అడవిలో వదలరు. ఆస్ట్రేలియా వాయవ్యాన కింబర్లీ ప్రాంతంలో గిబ్ రివర్ రోడ్డు 660 కిలోమీటర్లు. దాంట్లోంచి ఉత్తరానికి తిరిగి మిచెల్ జలపాతానికి వెళ్లే దారి దారుణంగా ఉంటుంది. అందుకని చాలామంది క్యాంపర్ ట్రైలర్‌ని డ్రైస్‌డేల్ రివర్ స్టేషన్‌లో పెట్టేసి, కారులో టెంట్ పెట్టుకుని మిచెల్ వెళ్లి వస్తారు. అది పశువుల ఫారం. ట్రైలర్లు పెట్టడానికి చోటు ఇస్తారు, పెట్రోలు, తిండి కూడా దొరుకుతాయి. బంగిల్ బంగిల్స్ కొండలు ఉన్న పర్నులులు పార్కుకి వెళ్లే స్ప్రింగ్ క్రీక్ దారి 53 కిలోమీటర్లు. సింగిల్ యాక్సిల్ ఆఫ్ రోడ్ ట్రైలర్లనే లోపలికి రానిస్తారు, మిగతావాళ్లు కారవాన్‌ని హైవే దగ్గరి పార్కులో పెట్టి వెళ్తారు.

అమెరికాలో కూడా ఇలా అడగొచ్చేమో చూడండి. ఊళ్లో ఆర్‌వీ పార్కుని (ఇలాంటి ఇంటిబండ్లు ఆపుకునే చోటు) అడిగి, రెండు రోజులకి డబ్బు కట్టి ట్రైలర్ ఒక మూలన పెట్టుకుంటామంటే చాలామంది కాదనరు. మనుషుల కంటి ముందు పెట్టిన ట్రైలర్‌కి ఏ తాళమూ సాటి రాదు.

కొత్తకాపురం | లాస్ వేగస్

మధ్యలో దూరుతున్నందుకు సారీ. మాకు చంటిపాప. ట్రైలర్ వదిలి వెళ్లినప్పుడు ఫ్రిజ్ ఆన్‌లో ఉంచొచ్చా? పాలు, పెరుగు పాడవుతాయని భయం.

ఎండపొద్దు | ఆస్టిన్

ఫ్రిజ్ రకాన్ని బట్టి ఉంటుందండీ. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ అయితే నిశ్చింతగా ఉంచొచ్చు. చల్లటి వాతావరణంలో రోజుకి 30 నుంచి 40 ఆంపియర్ అవర్ల దాకా తాగుతుంది. 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీ ఉంటే ఎండ లేకపోయినా రెండు రోజులు గట్టెక్కుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే అందులో సగమే వాడుకోవాలి, అంటే ఒక రోజు. కప్పు మీద 100 వాట్ల ప్యానెల్ ఉంటే అక్టోబర్ ఎండకి రోజుకి 30 ఆంపియర్ అవర్ల దాకా తిరిగి వస్తుంది. కానీ మీరు నీడలో ఆపితే ఈ లెక్కంతా పోతుంది. ప్యానెల్ మీద కొమ్మ నీడ పడినా చాలు.

గ్యాస్ మీద నడిచే పాత ఫ్రిజ్ అయితే నేను వదిలి వెళ్లను. మనిషి లేనప్పుడు మంట వెలగడం నాకు నచ్చదు. అది సమంగా నిలబడితేనే సరిగ్గా పనిచేస్తుంది కూడా. సిలిండర్ దగ్గరే వాల్వ్ తిప్పి కట్టేయండి, పాలు ఐస్ పెట్టెలో పెట్టి కారులో తీసుకెళ్లండి. పాపకి పాలు కావాల్సినప్పుడు మీరు ఎక్కడుంటే అవీ అక్కడే ఉండాలి కదా.

వెళ్లే ముందు కప్పు మీది వెంట్, కిటికీలు మూయండి, ఆనింగ్ చుట్టేయండి. ఆనింగ్ తెరిచి వెళ్తే మధ్యాహ్నం గాలి దాన్ని చేతులతో సహా విరగ్గొడుతుంది. ఇసుకలో జాక్ కాలు దిగబడకుండా కింద చెక్క పెట్టండి. రెండు చక్రాలకీ ముందు, వెనక చెక్కలు వేశాకే హిచ్ విప్పండి.

వెన్నెల_వాకిలి | సియాటిల్

వచ్చే వేసవి మేం ఎల్లోస్టోన్, గ్రాండ్ టీటన్ వెళ్తున్నాం. మాది కూడా టియర్‌డ్రాపే. అక్కడ ఎలుగుబంట్లు కదా, వంటగది తలుపుకి తాళం వేస్తే సరిపోతుందా?

నల్లమల | డెన్వర్

సరిపోదు. ఆ వెనక తలుపు పల్చటిది, ఎలుగు గోరు పెట్టి లాగితే ఊడొస్తుంది. ఎల్లోస్టోన్‌లో ఫిషింగ్ బ్రిడ్జ్ ఆర్‌వీ పార్కులో అసలు గట్టి గోడలున్న వాహనాలకే చోటిస్తారు, గుడ్డ గోడలున్న పాప్ అప్ ట్రైలర్లకి, టెంట్లకి లేదు. గ్రిజ్లీలు తిరిగే చోటు అది. మీరు వదిలి వెళ్లేటప్పుడు వాసన వచ్చేదేదీ వంటగదిలో ఉంచకండి. క్యాంప్‌గ్రౌండ్‌లో ఇనుప బేర్ బాక్స్ ఉంటే అందులో పెట్టండి. తిండి ఒక్కటే కాదు, టూత్‌పేస్ట్, సబ్బు, గిన్నెలు తోమిన స్పాంజ్, చెత్త సంచీ అన్నీ. ఆవకాయ సీసా మూత ఎంత బిగించినా నూనె కారుతుంది, దాన్ని తుడిచిన కాగితం కూడా ఆ బాక్స్‌లోనే పెట్టండి.

తంగేడు | టూసాన్

మా ఎడారిలో ఎలుగుల కంటే ఎలుకలే సమస్య. రెండు రోజులు కదలని ట్రైలర్ వాటికి రెడీమేడ్ ఇల్లు. ప్యాక్ రాట్ అనే ఎలుకలు వైర్లు కొరుకుతాయి, డీర్ మౌస్ అనే చిట్టెలుకలు నేల కింద పైపు కన్నాల్లోంచి లోపలికి వస్తాయి. ఆ కన్నాల్లో స్టీల్ ఊల్ కుక్కండి. తిరిగి వచ్చాక పెంటికలు కనిపిస్తే పొడిగా ఊడ్చకండి. 1993లో నాలుగు రాష్ట్రాలు కలిసే ఫోర్ కార్నర్స్ ప్రాంతంలో హాంటావైరస్ బయటపడింది డీర్ మౌస్‌ల వల్లే. ఆ దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదం. తలుపులు తెరిచి గాలి ఆడనిచ్చి, బ్లీచ్ కలిపిన నీళ్లు చల్లి నాననిచ్చి, గ్లోవ్స్ వేసుకుని తుడవండి.

పెద్ద కాకుల్లాంటి రావెన్‌లు జిప్పులు కూడా తీస్తాయి. బయట సంచులు వదలొద్దు.

పాలమూరు_పథికుడు | ఫీనిక్స్

ఇన్సూరెన్స్ అన్నారు కదా అక్కా. కారు పాలసీలోనే ట్రైలర్ కవర్ అవుతుందని నాకు అమ్మినాయన చెప్పాడు.

నల్లమల | డెన్వర్

మామూలుగా కారు పాలసీ చూసేది, మీరు లాగుతున్నప్పుడు ట్రైలర్ వల్ల వేరేవాళ్లకి జరిగిన నష్టం. ట్రైలర్ పోయినా, కాలినా, బోల్తా పడినా దాని విలువ రావాలంటే చాలా కంపెనీల్లో దాన్ని విడిగా చేర్చాలి. ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: హిచ్ విప్పి వదిలినప్పుడు దొంగతనం కవర్ అవుతుందా, లోపలి సామానుకి ఎంత ఇస్తారు, మట్టిరోడ్డు మీద ఏమైనా మినహాయింపు ఉందా. జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. అద్దె ట్రైలర్ అయితే కాంట్రాక్టులో తారురోడ్డు దాటకూడదని చాలాచోట్ల రాసి ఉంటుంది, అద్దెకి తీసుకునేవాళ్లు అది చూసుకోండి.

విన్ నంబర్ (బండి గుర్తింపు నంబర్) ఉన్న పలక, లైసెన్స్ ప్లేట్, లోపల నాలుగు వైపులా ఫోటోలు తీసి ఫోన్‌లో పెట్టుకోండి. పోలీసులు మొదట అడిగేది విన్ నంబరే. రిజిస్ట్రేషన్ కాగితం ట్రైలర్ లోపల ఉంచితే ట్రైలర్‌తో పాటే పోతుంది.

గోదారి_గట్టు | సాల్ట్ లేక్ సిటీ

కిటికీలో కాగితం పెడతారా మీరంతా? "ఫలానా రోజు వస్తాం, ఫోన్ ఇది" అని. మా ఫ్రెండ్స్ పెడతారు. వదిలేసి పోయిన బండి అని రేంజర్ అనుకోకుండా ఉంటుందని.

తాళంచెవి | డల్లాస్

నేను పెట్టను. ఎప్పుడు వస్తామో దొంగకి రాసిచ్చినట్టే.

ఎర్రమట్టి | సెయింట్ జార్జ్

నేను పెడతాను, తేదీ లేకుండా. పేరు, పర్మిట్ నంబర్, ఇంటి దగ్గర ఉన్న ఒకరి ఫోన్ నంబర్. తేదీలన్నీ విజిటర్ సెంటర్‌లో పర్మిట్ మీద ఎలాగూ ఉంటాయి. నేను కాగితం పెట్టేది ట్రైలర్ కోసం కాదు. మేం రాకపోతే ఎక్కడ వెతకాలో ఎవరికో ఒకరికి తెలియాలి. ఇంటి దగ్గర ఉన్న మనిషికి మాత్రం ఏ రోజు ఏ దారి, ఎన్ని గంటలకి ఫోన్ రాకపోతే షెరీఫ్ (కౌంటీ పోలీసు) ఆఫీసుకి చెప్పాలి అన్నది పూర్తిగా రాసి ఇస్తాం. శాటిలైట్ మెసేజ్ పంపే పరికరం ఉంటే అది మన జేబులో ఉండాలి, ట్రైలర్‌లో కాదు.

పాలమూరు_పథికుడు | ఫీనిక్స్

ప్లాన్ మార్చాం. స్టేట్ పార్క్‌లో సైట్ దొరికింది, ట్రైలర్ అక్కడే. ఒక రోజు నేనూ పాపా డ్రై ఫోర్క్, మా ఆవిడ అమ్మానాన్నతో. ఇంకో రోజు తను వెళ్తుంది, తన ఫ్రెండ్ పేజ్ నుంచి వస్తోంది. కయోటీ గల్చ్ ఈసారి వద్దనుకున్నాం. కప్లర్‌కి గిన్నె మూసే తాళం, చక్రానికి క్లాంప్ కొన్నాను. దారిలో కనాబ్‌లో హోటల్ దిగిన రాత్రి కూడా వేస్తాను.

తంగేడు | టూసాన్

చాలా సంతోషం తమ్ముడూ. నాన్నగారి మందులు రెండు చోట్ల పెట్టు, సగం కారులో, సగం ట్రైలర్‌లో. ఇన్సులిన్ ఉంటే గడ్డకట్టనివ్వద్దు, రాత్రి ట్రైలర్ లోపలే ఉంచు.

పాలమూరు_పథికుడు | ఫీనిక్స్

వెళ్లొచ్చాం. అందరూ క్షేమం. రెండో రోజు మధ్యాహ్నం వాన పడింది, విజిటర్ సెంటర్‌లో ఉదయమే చెప్పారు కాబట్టి ఆ రోజు డ్రై ఫోర్క్ మానుకుని, వానకి ముందే డెవిల్స్ గార్డెన్ చూసి వచ్చేశాం. సాయంత్రం చూస్తే ఆ రోడ్డు మొదట్లో ఒక వ్యాన్ బురదలో కూరుకుపోయి ఉంది. మాలాంటి ట్రైలరే ఒకటి లోపల ఉందని, దాని వాళ్లు ఊళ్లో ఇరుక్కుపోయారని పార్కులో చెప్పుకున్నారు. నాన్న రెండు రోజులూ పక్క సైట్‌లోని పెద్దాయనతో సైగలతోనే కబుర్లు చెప్పాడు. ఆయనది అయోవాలో మొక్కజొన్న పొలం అట. మేం లేనప్పుడు ట్రైలర్‌ని ఆయనే చూసుకున్నాడు.

చక్రం క్లాంప్ బిగించేటప్పుడు అల్లాయ్ రిమ్‌కి గీతలు పడ్డాయి. దానికేమైనా ఉపాయం ఉందా?

తాళంచెవి | డల్లాస్

పాత సైకిల్ ట్యూబ్ కోసి క్లాంప్ దవడలకి చుట్టు అన్నా. మరీ మందంగా చుట్టకు, దవడ పూర్తిగా మూసుకోకపోతే తాళం పడినట్టే ఉంటుంది గానీ పడదు. వేశాక చేత్తో లాగి చూడు.

కొత్తకాపురం | లాస్ వేగస్

వచ్చే అక్టోబర్ మేమూ వెళ్దామనుకుంటున్నాం. స్టేట్ పార్క్ ఎంత ముందు బుక్ చేయాలి?

ఎర్రమట్టి | సెయింట్ జార్జ్

డేట్లు తెరవగానే చేయండి. అక్టోబర్‌లో అక్కడ చల్లగా, హాయిగా ఉంటుందని అందరూ అప్పుడే వస్తారు. పైగా యూటాలో తుపాకీతో జింకల వేట సీజన్ కూడా ఆ నెలలోనే, అడవి వైపు చోట్లన్నీ వేటగాళ్ల ట్రైలర్లతో నిండిపోతాయి. ఆ రోజుల్లో కొండల వైపు నడిచేటట్టయితే పిల్లలకి, మీకు ఆరెంజ్ రంగు చొక్కాలు వేయండి. వారం మధ్యలో వెళ్తే చోటు దొరకడం తేలిక.